రెండు కార్లు, ఒక గ్రౌండు

నవంబర్ 9, 2024, శనివారం

ఇవాళ బేస్‌బాల్‌లో మా అభినవ్ కావాలని అవుటయ్యాడు. బ్యాట్ అడ్డంగా పెట్టి బంతిని కాళ్ళ ముందు పడేశాడు. అవుటై తిరిగొస్తుంటే టీమంతా చప్పట్లు. నేనొక్కదాన్నే అయ్యో అని అరిచాను. అందరూ నావైపు చూశారు.

వాడు అవుటైతే ముందున్నవాడు ఒక బేస్ జరుగుతాడట. దాన్ని శాక్రిఫైస్ అంటారట. మా గుంటూరులో ఎవడైనా కావాలని అవుటైతే వీపు విమానం మోత మోగేది.

మూడేళ్ళుగా చూస్తున్నాను ఈ బేస్‌బాల్. పిచ్చి పట్టినట్టు చూస్తున్నాను. సగం అర్థం కాదు. అర్థం కానిదల్లా తిరిగొచ్చేటప్పుడు కార్లో అడుగుతాను. ఇంట్లో "గుడ్", "ఫైన్" తప్ప నోరు విప్పని నా కొడుకు కార్లో మాత్రం గ్రౌండున్న నోర్లుంగా నుంచి మా ఇల్లున్న మాసన్ లేక్స్ దాకా మాట్లాడుతూనే ఉంటాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఇల్లు రాగానే మళ్ళీ మూగనోము.

నవంబర్ 17, ఆదివారం

ఆయన హైబ్రిడ్ కారు బుక్ చేసొచ్చారు. నాతో ఒక్క మాట అనలేదు.

మన పాత వ్యాగన్ పెట్రోలు మంచినీళ్ళలా తాగేస్తోందని ఎన్నాళ్ళుగానో ఒకటే నస. ఈ కొత్తది అభినవ్ కోసమట. జనవరిలో లైసెన్స్ రాగానే గేమ్స్‌కి వాడే వెళ్తాడు, నువ్వు శనివారాలు హాయిగా రెస్ట్ తీసుకోవచ్చు ప్రసూనా అన్నారు. నాకు రెస్ట్ కావాలని ఎవరడిగారు?

డిక్కీలో కిట్ బ్యాగ్ పట్టదు అన్నాను. పడుతుందట. టేపు పెట్టి కొలిచారట. ఈ ఇంట్లో ఆయన కొలవనిది ఏదైనా ఉందా అసలు!

డిసెంబర్ 15, ఆదివారం

గుడి పార్కింగ్‌లో కారు పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పంతులుగారు ఇక పోనివ్వండి అన్నారు. ఆయన బటన్ నొక్కారు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు. లేదు. పంతులుగారు హారతి పళ్ళెంతో అలాగే నిలబడ్డారు. కారు చెడిపోయింది, ఇక వెనక్కి ఇచ్చేయాల్సిందే అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో రాయడానికే సిగ్గుగా ఉంది.

వెనక సీట్లోంచి అభినవ్, ఇట్స్ ఆన్ డాడ్, యూ కీప్ టర్నింగ్ ఇట్ ఆఫ్ అన్నాడు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చప్పుడుండదట. చివరికి కదిలింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

డిసెంబర్ 16

మంచి కారే. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగుతుంది. పెట్రోలు నిజంగానే తక్కువ తాగుతుంది. మరి దాన్ని చూస్తే నాకెందుకు ఒళ్ళుమంట?

జనవరి 18, 2025, శనివారం

అభినవ్‌కి లైసెన్స్ వచ్చింది. కారుకి కొత్త డ్రైవర్లు పెట్టుకునే ఎర్ర P బోర్డు తగిలించాడు. ల్యాబ్‌లో నాతో పనిచేసే నీరజ ఫోన్ చేసి, ఇంక నువ్వు ఫ్రీ బర్డ్‌వి కదే అంది. అవునవును అన్నాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కొడుకు పాసైతే ఏడ్చే తల్లి ఎక్కడైనా ఉంటుందా? నాకేమైంది?

జనవరి 25, శనివారం, ఉదయం

వాడు వెళ్ళాడు. నువ్వూ రా అని వాడు అనలేదు. వస్తానని నేనూ అనలేదు. వీధి మలుపు తిరిగేదాకా కారు చప్పుడే లేదు.

అదే రోజు, సాయంత్రం

ఉండలేకపోయాను. వ్యాగన్ తీసి నేనూ వెళ్ళాను. అదే దారి, అదే గ్రౌండు. వాడు చూసి చెయ్యి ఊపాడు.

పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ తాపీగా ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్ళిపోతాడు. ఏమీ చేయకుండా నిలబడ్డందుకు బహుమానమా? తిరిగొస్తూ అడుగుదామనుకున్నాను. పక్క సీట్లో నా హ్యాండ్‌బ్యాగ్ ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పెట్రోలు మిగిల్చే కారు కొన్నాక మనింట్లో పెట్రోలు ఖర్చు ఎలా పెరిగింది అని ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. నాకేం తెలుసు అన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం, సాయంత్రం

చివరి ఇన్నింగ్స్. మూడు బేస్‌ల మీదా మనవాళ్ళే. బ్యాటింగ్ అభినవ్‌ది. మూడుసార్లు ఊపాడు, మూడుసార్లూ గాలే. అవుట్. ఓడిపోయాం. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను లేచి వ్యాగన్ దగ్గరికి నడిచాను.

పార్కింగ్‌లో తలొంచుకుని వచ్చాడు. హైబ్రిడ్‌ని దాటేశాడు. వ్యాగన్ డిక్కీ తీసి కిట్ బ్యాగ్ పడేశాడు. నా హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను స్టార్ట్ చేశాను.

చాలాదూరం వచ్చాక, మమ్, ఏదైనా అడుగు అన్నాడు.

ఆరున్నర

రెండు కార్లు వెళ్ళాయి, ఒకటే వచ్చింది. కొత్తది ఏదీ, దానికేమైంది అని ఆయన డ్రైవ్‌వేలో నిలబడి అడుగుతున్నారు. బాగానే ఉంది, గ్రౌండు దగ్గరే ఉంది అని చెప్పాను.