ఎడమ మూల

సరితా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది నిండింది. ఇవాళే మన మణుగూరు కాలనీ కోర్టులో బాస్కెట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. సెకండ్ హాఫ్‌లో రజితకు మడమ బెణికింది. ఆమె బదులు కొత్తపిల్ల లక్ష్మిని దించారు. అడవి పక్క ఊరి పిల్ల, నిన్ను ఎన్నడూ చూడలేదు.

నా పాడు అలవాటు నీకు తెలుసుగా, చూడకుండానే ఎడమ మూలకు బాల్ విసిరేస్తాను. నీ తర్వాత ఆ మూలకు ఎవరూ పోరు. బాల్ బయటికి పోతుంది, నేను తిట్లు తింటాను. ఇవాళ కూడా విసిరేసి, విజిల్ కోసం కళ్లు మూసుకున్నాను. విజిల్ మోగలేదు. లక్ష్మి అందుకుని బాస్కెట్ వేసేసింది.

మ్యాచ్ అయ్యాక అడిగాను. "గక్కడ నిలబడమని నీకెవరు చెప్పిండ్రే?"

"ఎవ్వలు చెప్పలేదక్కా. కోర్టంతా బొగ్గు దుమ్ముకు కాలు జారుతాంది. గా మూలనే జారుతలేదు."

అందరూ వెళ్లాక వంగి చూశాను. నువ్వు రోజూ నిలబడి బాల్ వేసిన చోట సిమెంటు నునుపంతా అరిగిపోయి గరుకు తేలింది. బూట్లు విప్పి అక్కడ నిలబడ్డాను. పొద్దుగూకి కోర్టంతా చల్లబడింది. ఆ చోటు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది, సరితా.