మీ ఇంట్లో ఎన్ని ఆంప్స్?

జూన్ 6, మంగళవారం

దోరాలో వారూజాన్ కంప్యూటర్ షాపుకు వెళ్ళాను, ఒక్కదాన్నే. తలుపు ముందు నుంచి రెండుసార్లు దాటి వెళ్ళిపోయి, మూడోసారి లోపల అడుగు పెట్టాను. అడగాల్సినవన్నీ బస్సులో వల్లె వేసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, స్క్రీను వేగం, వేడెక్కితే ఏమవుతుంది. వారూజాన్ ఒక్కటీ అడగనివ్వలేదు. ముందు మీ ఇంట్లో ఎన్ని ఆంప్స్ తల్లీ అన్నాడు.

ఐదు అన్నాను. పేట జనరేటర్ నుంచి మాకు వచ్చేది అంతే.

ఫ్రిజ్ ఉందా? ఉంది. నీళ్ళ మోటారు? ఉంది. నాన్నగారు ఏం చేస్తారు? టైలరు, ఇంట్లోనే కుడతాడు అన్నాను. అయ్యో, ఇస్త్రీపెట్టె కూడానా అన్నాడు, ఎవరో పోయిన కబురు విన్నట్టు.

అప్పుడు రెండు ల్యాప్‌టాప్‌లు తీసి బల్ల మీద పెట్టాడు. బూడిదరంగుదాని చార్జర్ సబ్బుబిళ్ళంత. నల్లదాని చార్జర్ ఇటుకంత. రెండింటిలోనూ నా గేమ్ పెట్టి చూపించాడు. బూడిదరంగుదానిలో బాగానే నడిచింది. నల్లదానిలో గోడ నీడలో నక్కిన మనిషి కనిపించాడు. బూడిదరంగుదానిలో అక్కడ ఉత్త చీకటే.

ఐదు ఆంప్స్‌కి బూడిదరంగుదే నీకు సంసారపక్షం, కరెంటు పోయినా బ్యాటరీ మీద ఆట సాగుతుంది అన్నాడు. నల్లది ప్లగ్గు తీస్తే సగం మనిషి. అరగంటకు అదీ ఉండదు.

ఆలోచించి వస్తానన్నాను. దారి పొడుగునా ఆ నీడలో మనిషే.

జూన్ 7, బుధవారం

ఎందుకు కొంటున్నానో ఒకసారి రాసుకోవాలి.

అమ్మాన్‌లో అమ్మాయిల టీం ఒకటి ఉంది. ఐదో మనిషి కావాలి. నా ఆట చూసి కెప్టెన్ రనీం మెసేజ్ పెట్టింది. జూలై 8న ట్రయల్, రెండు మ్యాచ్‌లు. ఎంపికైతే అప్పటిదాకా ఎవరిళ్ళ నుంచి వాళ్ళే ఆడాలి, సెప్టెంబరు నుంచి అందరూ అమ్మాన్‌లో టీం ఇంట్లో ఉండాలి. నాకంటూ ఒక గది. దాని తలుపు ఎలా ఉంటుందో కూడా ఊహించేశాను.

షరతు ఒక్కటే. మ్యాచ్ మధ్యలో మాయమైతే అంతే సంగతులు. కరెంటు పోయింది, నెట్ పోయిందని నాకు చెప్పకు చెల్లీ, మా టీంలో బాగ్దాద్ నుంచి ఆడే పిల్ల ఉంది, ఇంతవరకు ఒక్కసారి పడిపోలేదు అంది. ఇంకొకటి, మైకులో మాట్లాడాలిట. టైప్ చేస్తే కుదరదుట.

ఆట కొత్త అప్‌డేట్ వచ్చాక నా పాత కంప్యూటర్ డబ్బాలో బొమ్మల కొలువులా కదలకుండా నిలబడుతోంది. ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బంతా దీనికే.

జూన్ 9, శుక్రవారం

ఐదు దాటి మళ్ళీ బ్రేకర్ పడింది. మోటారు నడుస్తుండగా నేను పాత డబ్బా వేశాను. మా ఇంట్లో రూలు, ఎవరి వల్ల పడితే వాళ్ళే ఆరంతస్తులు దిగి ఎత్తి రావాలి. లిఫ్టు ఎప్పుడూ లేదు. ఎప్పుడూ నేనే.

కింద బ్రేకర్ల పెట్టె దగ్గర మిలాద్ ఉన్నాడు. వాళ్ళ నాన్న అబూ మిలాద్‌దే జనరేటర్. ప్రభుత్వ కరెంటు గంటో రెండో. మిగతా రోజంతా పేటకు ఆ ఇల్లే సూర్యుడు. మళ్ళీ నువ్వేనా జోసెట్, ఇంట్లో రాకెట్టేమైనా తయారుచేస్తున్నారా అన్నాడు. నవ్వు రాలేదు, నవ్వాను. రాకెట్టయితే చెప్పు, ఒక సీటు నాకు ఉంచు అన్నాడు. మిలాదే మా బ్రేకర్ ఎత్తాడు. మెత్తగా, పిల్ల చెయ్యి పట్టి లేపినట్టు.

పైకి వచ్చేసరికి ఆయాసం. బడిలో సిస్టర్ బెర్నాదెత్ చెప్పేది, మెట్లు ఎక్కేటప్పుడు జపమాల చెప్పుకుంటే అలుపు తెలియదని. నేను ఆటలో దారులు చెప్పుకుంటాను.

జూన్ 12, సోమవారం

మా బ్రేకర్ మారింది. పది. మేమెవరమూ అడగలేదు.

జూన్ 13, మంగళవారం

నిజానికి అడిగాం. నాన్న రెండేళ్ళుగా అడుగుతున్నాడు. లైను నిండిపోయింది, ఒక్క ఆంప్ కూడా లేదనేవారు. ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ అడగలేదు.

నాన్న పట్టపగలు ఇస్త్రీ చేశాడు. ఇన్నాళ్ళూ ప్రభుత్వ కరెంటు కోసం కాచుకుని ఏ వేళకు వస్తే ఆ వేళకు లేచి చేసేవాడు. ఇవాళ ఒక కోటు ఇస్త్రీ చేసి, తీసి, మళ్ళీ అదే కోటు చేశాడు. అమ్మ ఏసీ వేసి దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. బెండకాయలు తరుగుతూ, కుర్రాడు బుద్ధిమంతుడు అంది. ఏ కుర్రాడని నాన్న అడగలేదు. నేనూ అడగలేదు.

జూన్ 17, శనివారం

వాళ్ళు వచ్చారు. అబూ మిలాద్, ఆయన భార్య, మిలాద్. వెడల్పాటి ఇత్తడి పళ్ళెం నిండా బక్లావా మిఠాయి. కాఫీ నన్ను తెమ్మన్నారు. కప్పులు అటూ ఇటూ ఊగుతుంటే వాళ్ళమ్మ, వణకకు తల్లీ, మేమేమీ కరవం అంది. అందరూ నవ్వారు. సిస్టర్ల బడిలో చదివిన పిల్ల, గొంతు కూడా వినపడదు, ఇలాంటి కోడలు ఎక్కడ దొరుకుతుంది అంది. నేను అక్కడ ఉండగానే.

తొందరేం లేదు, ఆలోచించుకోండి అని వెళ్ళారు. ఆంప్స్ మాట ఎవరూ ఎత్తలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఏసీ మాత్రం నడుస్తూనే ఉంది.

పళ్ళెం వంటింట్లో ఉంది.

జూన్ 20, మంగళవారం

కొన్నాను. నల్లది.

వారూజాన్ నన్ను చూడగానే బూడిదరంగుది తీశాడు. మా ఇంట్లో ఇప్పుడు పది అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. పది ఎలా వచ్చింది, పేటలో అందరికీ వచ్చిందా అన్నాడు. మాకే అన్నాను. ఊరికే ఎవరిస్తారు తల్లీ అన్నాడు. ఇచ్చినవాళ్ళు రేపు తీసుకోరని రాసిచ్చారా అన్నాడు.

బూడిదరంగుది ఐదులో బతుకుతుంది, నల్లది పదిలోనే బతుకుతుంది, అర్థమైందా అన్నాడు. అర్థమైంది. నేనేం చిన్నపిల్లను కాదు. అన్నీ అర్థమయ్యే ఆ నీడలో మనిషిని చూపించమన్నాను మళ్ళీ. చూపించాడు. అతని చేతి వేళ్ళు కూడా కనిపించాయి.

బూడిదరంగుదానితో ట్రయల్‌కి వెళ్తే ఓడిపోతానేమోనని భయం. అంతే. ఇంకో కారణం లేదు.

జూన్ 24, శనివారం

నాలుగు రోజులుగా మైకులో మాట్లాడుతున్నాను. మొదటి రోజు నోరు పెగల్లేదు. చెయ్యెత్తి, పేరు పిలిచేదాకా ఆగి, లేచి నిలబడి మాట్లాడాలని పన్నెండేళ్ళు నేర్పారు నాకు. మైకులో ఎవరూ పిలవరు.

ఇవాళ నీడలో శత్రువు కనిపించగానే ఎడమ పక్క, ఎడమ పక్క, కదలండి అని అరిచాను. నలుగురూ కదిలారు. గెలిచాం. అమ్మ గరిటతో పరుగెత్తుకొచ్చింది, ఏమైందే, బల్లి పడిందా అంటూ. ఏం లేదమ్మా అన్నాను. ఈ గొంతు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ అంది. కోపంగా కాదు. కొంచెం భయంగా.

రనీం అంది, అదీ గొంతంటే, నాకు కావాల్సింది అదే అని.

సంతోషంగా ఉన్నాను. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

జూన్ 29, గురువారం

మెట్ల దగ్గర మిలాద్ కలిశాడు. జనరేటర్‌కి ఆయిల్ మార్చాలి, రెండు మూడు గంటలు ఆపాలి, నీ ఆట పరీక్ష ఏదో ఉందని మీ అమ్మగారు చెప్పారు, ఎప్పుడో చెబితే ఆ వేళకు ఆపను అన్నాడు.

జూలై 8, శనివారం, సాయంత్రం ఆరుకు మొదలు అని చెప్పాను. మ్యాచ్ ఎంతసేపని అడిగాడు. అదీ చెప్పాను. థాంక్స్ కూడా చెప్పాను.

జూలై 2, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక మిలాద్‌తో కాఫీకి పంపించారు. మంచివాడే. తలుపు తీసి పట్టుకుంటాడు, వెయిటర్‌తో మర్యాదగా మాట్లాడతాడు. అమ్మాన్ సంగతి నేనే చెప్పాను. నవ్వాడు. ఆడుకోవడానికి దేశం దాటతారా ఎవరైనా అన్నాడు. మన ఇంట్లో నీకొక గది ఇస్తాను, ఇరవై ఆంప్స్ పెట్టిస్తాను, పొద్దస్తమానం ఆడుకో అన్నాడు. పిల్లలు పుట్టేదాకా అన్నాడు, కప్పు కింద పెడుతూ.



జూలై 5, బుధవారం

కాదన్నాను. ఇంట్లో కాదు, సూటిగా మిలాద్‌కే. కింద పెట్టె దగ్గర. ముందు చెయ్యెత్తానేమో కూడా, సరిగ్గా గుర్తులేదు. నాకు ఇష్టం లేదు, మీ తప్పేమీ లేదు అన్నాను.

ఆయన కాసేపు తాళాల గుత్తి సర్దుకున్నాడు. పర్వాలేదు జోసెట్, దీనివల్ల ఏమీ మారదు, మీ ఇల్లు మా ఇల్లు వేరా అన్నాడు.

పైకి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ఆపి కూర్చుంది. నాన్న కుట్టు ఆపలేదు. పెడల్ చప్పుడు మాత్రం వేగం పెరిగింది.

జూలై 8, శనివారం, సాయంత్రం 5

అన్నీ చూశాను. ఆట, హెడ్‌ఫోన్, రౌటర్‌కి చిన్న బ్యాటరీ. నాన్న, ఆడుకో తల్లీ, నేను ఇస్త్రీ నా గదిలో చేసుకుంటాలే, పది ఉన్నాయిగా అన్నాడు.

పది ఉన్నాయి. ఇంకా ఉన్నాయి. మిలాద్ గురించి తప్పుగా అనుకున్నందుకు కొంచెం సిగ్గేసింది.

జూలై 8, రాత్రి 8

మొదటి మ్యాచ్ గెలిచాం. రనీం నా పేరు రెండుసార్లు పిలిచింది.

రెండో మ్యాచ్ మొదలవగానే ఏసీ ఆగింది. స్క్రీను వెలుతురు తగ్గింది. జనరేటర్ ఆగిందనుకున్నాను. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. నీడలన్నీ మళ్ళీ ఉత్త చీకటైపోయాయి. మనుషులు ఆగి ఆగి కదులుతున్నారు. అయినా దారులు నాకు కంఠతా వచ్చు, కళ్ళతో కాక జ్ఞాపకంతో చెబుతూ పోయాను. గెలిచేలానే ఉన్నాం.

పక్కింటి టీవీ మోగుతోందని నాన్నకు అప్పుడు తట్టింది. అంటే పడింది మా బ్రేకరే. దిగి వెళ్ళి ఎత్తాడు. కరెంటు వచ్చింది, ఏసీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఒక్కసారి అందుకున్నాయి, మళ్ళీ పడింది. నాన్న అప్పటికి నాలుగో అంతస్తులో ఉన్నాడు. మళ్ళీ దిగాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడింది. నెల రోజుల్లో మేం ఐదుతో బతకడం మరిచిపోయాం. ఏ స్విచ్చి ఆపాలో ఎవరికీ తోచలేదు.

మూడోసారి పైకి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. హెడ్‌ఫోన్ తీశాను. పదిది తీసేశారు తల్లీ, మన పాతదే పెట్టారు అన్నాడు. నాన్న చేతులు నల్లగా ఉన్నాయి.

నల్లది అప్పుడే ఆరిపోయింది. వారూజాన్ చెప్పినంతసేపే ఉంది.

జూలై 9, ఆదివారం

రనీం మెసేజ్. నువ్వు బాగా ఆడావు చెల్లీ, బాధ అదే. రూలు నీకొక్కదానికి మార్చలేను.

బాగ్దాద్ పిల్ల ఏం వాడుతుందని అడిగాను. చిన్న ల్యాప్‌టాప్, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది అంది. పేరు చెప్పింది. బూడిదరంగుదే.

జూలై 10, సోమవారం

నాన్న మిలాద్‌కి ఫోన్ చేశాడు. లైను మీద లోడు ఎక్కువైంది బాబాయ్, మా మనిషి మార్చి ఉంటాడు, అందరికీ సమానంగా ఇవ్వాలి కదా అన్నాడట. నాన్న, అవును నాయనా, అవును అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఇంకోసారి అవును అన్నాడు.

వారూజాన్ వెనక్కి తీసుకోనన్నాడు. వాడిన సరుకు తల్లీ అన్నాడు. నేను చెప్పాను కదా అని మాత్రం అనలేదు. అన్నా బాగుండేది.

జూలై 12, బుధవారం

ప్రభుత్వ కరెంటు తెల్లవారుజామున వచ్చింది. నాన్న లేచి ఇస్త్రీ మొదలుపెట్టాడు. రెండో కోటు సగంలో పోయింది. ఇవాళ ఇస్తానని మాట ఇచ్చిన కోటు అది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తిన్నగా అన్నం తినేదాన్ని.

జూలై 13, గురువారం

అమ్మ పూజకు తొడుక్కునే నీలం గౌను వేసుకుంది. అబూ మిలాద్ వాళ్ళ పళ్ళెం తిరిగి ఇచ్చేసి వస్తానంది. నెలరోజులుగా మనింట్లోనే పడి ఉంది, బాగుండదు అంది. ఇత్తడిని నిమ్మచెక్కతో తోమింది. ఖాళీ పళ్ళెం ఇస్తే సంబంధం వద్దన్నట్టు, నింపి ఇస్తే సరేనన్నట్టు. అది ఈ పేటలో పసిపిల్లకు కూడా తెలుసు.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. పళ్ళెం మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తుగా ఉంది. ఇల్లంతా వెన్న, ఖర్జూరం వాసన.

అమ్మా అన్నాను. మెట్లు దిగుతోంది. వినపడలేదు. వినపడేలా పిలవడం నాకిప్పుడు వచ్చు. పిలవలేదు. లోపల నాన్న చల్లారిన ఇస్త్రీపెట్టెతో కోటు రుద్దుతున్నాడు.

జూలై 16, ఆదివారం, ఉదయం 9

బ్రేకర్ మళ్ళీ మార్చారట. ఈసారి ఎంతదో నాకు చెప్పలేదు.

అందరూ పూజకు వెళ్ళారు. తలనొప్పి అన్నాను. ఏసీ వేశాను. ఇస్త్రీపెట్టె వేశాను. నీళ్ళ మోటారు. వాషింగ్ మెషీన్, బట్టలు లేకుండా. నల్లదానిలో ఆట పెట్టి సెట్టింగులన్నీ చివరిదాకా పెంచాను. చెప్పులు వేసుకుని, కిందికి దిగడానికి సిద్ధంగా తలుపు దగ్గర నిలబడ్డాను.

పడలేదు.