ఫ్యాను రెక్క మీది మాట

అద్దంకి,
1980 జూలై 18.

రాఘవా,

నువ్వు పనిచేసిన మీ రాకెట్టు ఉపగ్రహాన్ని పైకి చేర్చిందని ఇప్పుడే రేడియో వార్తల్లో చెప్పారు. నువ్వు పోయి ఐదు నెలలైనా, ఈ మాట ముందు నీకే రాయాలనిపించింది.

వార్తలు కాగానే ఎదురింటి సుబ్బులు అరుగు మీంచే కేకేసింది. "మామ్మగారూ, విన్నారా? మన రాకెట్టు ఎగిరిందంట! మీవాడుంటే ఎంత సంబరపడేవాడో. కరెంటాఫీసైనా బాగా చదువుకున్నోడు గదా!"

"అవును" అన్నాను.

ఊళ్ళో ఆ కరెంటాఫీసు మాట పుట్టించింది నేనే. కిందటేడు మీ మొదటి రాకెట్టు సముద్రంలో పడిన వారానికి దర్శి నుంచి పెళ్ళివారు వచ్చారు. "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగితే, నువ్వు పక్కనే ఉండగా, "కరెంటాఫీసులో ఇంజనీరు" అన్నాను. సముద్రంలో పడిన ఆ రాకెట్టు పనే నీదని నిజం చెబితే నవ్వుతారని భయపడ్డాను.

వాళ్ళు వెళ్ళాక నువ్వొక్క మాటే అడిగావు. "మామ్మా, చిన్నప్పుడు నేను అబద్ధమాడితే తొడపాశం పెట్టేదానివి కదా?"

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. నువ్వు కామెర్లతో పోయాక నీ జ్ఞాపకార్థం బడికి ఫ్యాను ఇచ్చాను. అప్పుడైనా దిద్దుకునే ధైర్యం లేక, దాని రెక్క మీద నీ పేరు కింద "కరెంటు ఇంజనీరు" అనే రాయించాను.

ఇక చేయవలసినవి:

1. ఈ ఉత్తరం మడిచి, సుబ్బులు ఇంటికి వెళ్ళి నిజం చెప్పాలి.
2. సోమవారం పెయింటరును వెంటబెట్టుకుని బడికి వెళ్ళి "రాకెట్టు ఇంజనీరు" అని దిద్దించాలి.
3. పిల్లలు అడిగితే, సముద్రంలో పడిన రాకెట్టుకు పనిచేశావని ముందు చెప్పాలి. ఎగిరినదాని సంగతి తరవాత.