నీ వైపుకి తిప్పు

వదినకి నమస్కారాలు, వాటితోపాటు ఒక రహస్యం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతున్నారు కదూ? ఈ పడవలో ఒక మూల గొణిగితే రెండో మూలకి వినిపిస్తుంది. మీ తమ్ముడు నీళ్ళ డబ్బాలు తేవడానికి గట్టు మీదకి వెళ్ళారు, ఈలోగా గబగబా రాసేస్తున్నాను.

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. ముందు సముద్రం దాటి పరాయి దేశపు రేవుకి, అక్కడినుంచి లోకం చుట్టూ, మేమిద్దరమే. మోటారు మెకానిక్‌కీ, బట్టలు కుట్టేదానికీ సముద్రంతో ఏం పని అని మీరు నవ్వారు. మొదట్లో నేనూ నవ్వాను. ఆ తర్వాత తెలిసింది, ఇది పడవ కాదు, నా మీదకి వచ్చిన సవతి అని. సెలవొస్తే దీన్ని కడుతూ షెడ్డులోనే, జ్వరమొచ్చినా షెడ్డులోనే. దాని తెరచాప కూడా నా మెషీన్ మీదే కుట్టించారు. సూదులు విరిగినప్పుడల్లా ఆయన్ని తిట్టింది మీరే.

అయినా నా కడుపుమంట దాని గురించి కాదు వదినా. చెక్క ఎక్కడ కొనాలో కనపడ్డవాళ్ళందరినీ అడిగారు. రంగు ఏది వెయ్యాలో పక్క షాపాయన్ని అడిగారు. "నువ్వు వస్తావా?" అని నన్ను మాత్రం ఒక్కసారి అడగలేదు. ఒకరోజు రెండు లైఫ్ జాకెట్లు తెచ్చి, చిన్నది నాకు తొడిగి, "సరిపోయింది" అన్నారు. అంతే. నాకు అందిన పిలుపు అదే.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. ఈ ఒక్క సముద్రం ఆయనతో దాటుతాను. ఇప్పుడు మొండికేస్తే పడవని కట్టేసి కూర్చుంటారు, ఆ నింద జన్మంతా నా నెత్తిన ఉంటుంది. అవతలి రేవులో దిగగానే చెప్పేస్తాను, మిగతా లోకమంతా మీరు తిరిగి రండి, నేను విమానమెక్కి మా వదిన దగ్గరికి పోతున్నాను అని. అప్పటిదాకా మన కుట్టు షాపు చూసుకోండి. ఈ సంగతి మీ కడుపులోనే పెట్టుకోండి.

మీ మరదలు


వదినా,

దీన్ని ఎప్పుడు పోస్టు చేస్తానో నాకే తెలియదు. ఎటు చూసినా నీళ్ళే. సముద్రం నీలంగా ఉంటుందని ఎవరు చెప్పారు? పొద్దున కడిగిన పలకలా ఉంటుంది, మధ్యాహ్నానికి ఊదా, మబ్బు పడితే ముదురాకుపచ్చ. అన్ని రంగుల దారాలూ నా దగ్గర ఉన్నాయనుకునేదాన్ని. చేపలు గుంపుగా పైకి లేచి, ఎగిరి, మళ్ళీ మునుగుతున్నాయి. నిన్న ఒక బుల్లి పిట్ట వచ్చి తాడు మీద వాలింది. గట్టు కనిపించనంత దూరంలో ఇది ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడ పడుకుంటుంది, దాహమేస్తే ఏం తాగుతుంది? మీ తమ్ముణ్ణి అడిగితే "నాకేం తెలుసు" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదటిసారి.

ఆయనకి ఒంట్లో బాగోలేదు. వాంతులు తగ్గాయి గానీ నిద్ర పట్టడం లేదు. ఒకరు పైన చుక్కాని పట్టుకుంటే ఒకరు కింద పడుకోవాలి కదా, మా కాపురమంతా మెట్ల దగ్గర ఎదురుపడటమే. పాపం కాస్త కన్ను మూస్తారేమోనని నేను పైన కిక్కురుమనకుండా కూర్చుంటున్నాను. అయినా ఊరికే తల బయటపెట్టి చూస్తుంటారు.

ఇవాళ మధ్యాహ్నం పెద్ద గండం తప్పింది. కుడి ఎడమలు నాకు తికమకే. అన్నం తినే చెయ్యి ఏదో తలుచుకుంటే తప్ప తేలదు. అందుకని బయల్దేరే ముందే ఆయన ఒక ఉపాయం చెప్పారు. ఇంట్లో మంచం మీద గోడవైపు నాది, తలుపు వైపు ఆయనది. వెల్లకిలా పడుకుంటే నాది కుడిపక్క. కాబట్టి పడవలో కుడి అంటే "నీ వైపు", ఎడమ అంటే "నా వైపు". బాగానే నడిచింది. ఇవాళ ఎదురుగా మేడంత ఓడ వచ్చేసరికి ఆయన కిందనుంచి తల బయటపెట్టి "నీ వైపుకి తిప్పు!" అని అరిచారు. తిప్పాను. తిన్నగా ఓడ దారిలోకే తిప్పాను! కింద పడుకునే కుడిపక్క బల్ల మీద నీళ్ళు కారుతున్నాయని నేను ఎడమపక్క బల్లకి మారి చాలా రోజులైంది. నేను పడుకునే వైపు నా వైపు కాదా మరి?

ఓడ భోంయ్‌మని కూసింది. ఆయన పైకి దూకి చుక్కాని లాక్కున్నారు.

"నీ వైపంటే ఇంట్లో నీ వైపే!"

"ఇక్కడ ఇల్లెక్కడుందండీ?" అన్నాను.

ఓడ పక్కనుంచి పోయింది. పైనుంచి ఒకాయన చేతులు ఊపాడు, పలకరించాడో తిట్టాడో తెలియలేదు. నాకు భయం వెయ్యాలి కదా? పడీ పడీ నవ్వాను వదినా. ఆయన నవ్వలేదు. నీళ్ళలో పడకుండా నా నడుముకి కట్టిన తాడు ముడి లాగి చూసి, కిందకి వెళ్ళిపోయారు.

నేను దిగిపోవడం మాత్రం ఖాయం. కాకపోతే ఆ పిట్ట ఎటు పోయిందో తెలిస్తే బాగుండును.

మీ మరదలు


మా బంగారు వదినకి,

చేరాం! భూమి కంటికి కనపడకముందే ముక్కుకి తగులుతుందని నాకు తెలియదు. ముందు తడిమట్టి, తర్వాత డీజిలు. పడవని ఏ పక్కన గట్టుకి కట్టుకుంటారని రేవు అధికారి రేడియోలో అడిగాడు. మీ తమ్ముడు తాళ్ళతో కుస్తీ పడుతున్నారు. కంగారులో, వచ్చీరాని ఆ భాషలో "భార్య వైపు" అనేశాను. అవతల ఒకటే నవ్వు. ఇప్పుడు రేవులోవాళ్ళంతా మాకు "భార్య వైపు వాళ్ళు" అనే పేరు పెట్టేశారు.

కాగితాల పని అయ్యాక గట్టుమీద టీ తాగుతూ, చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. ఆయనే ముందు నోరు తెరిచారు.

"నేనింక రాలేను. పడవ ఇక్కడే అమ్మేసి విమానంలో పోదాం. నువ్వేమంటావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళకి నన్ను ఒక మాట అడిగారు, అడిగిందేమో అమ్మేద్దామా అని! "వీల్లేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే ఉలిక్కిపడ్డాను. ఈ రేవు అవతల ఇంకో సముద్రం ఉంది వదినా, దాని రంగేమిటో చూడకుండా నేను వెనక్కి ఎలా వస్తాను? దిగిపోదామనుకున్న సంగతి, అడగలేదన్న బాధ, మీకు రాసిన ఉత్తరం, అన్నీ అక్కడే కక్కేశాను. ఆయన టీ చల్లారిపోయేదాకా తల వంచుకుని విన్నారు.

"అడిగితే రానంటావేమోనని అడగలేదు," అన్నారు చివరికి. "ఇప్పుడు భయం సముద్రమంటే కాదే. కింద పడుకుంటే అలల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. లేచి పైకొచ్చేసరికి నువ్వు లేకపోతే? ఎంత వెనక్కి వెళ్ళి వెతకాలో కూడా తెలీదు. ఇంట్లో అంత వాగేదానివి, ఇక్కడేమో నోరెత్తవు."

"మీరు పడుకుంటారనే కదండీ నోరు కట్టేసుకున్నాను!"

ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అప్పుడు నవ్వారు మీ తమ్ముడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. పడవ అమ్మడం లేదు వదినా. షాపు ఇంక మీదే అనుకోండి, నన్ను తిట్టుకోండి.

ఇప్పుడు ఎండ వాలింది. ఆయన కింద పడుకున్నారు, నేను పైన కూర్చుని ఈ ఉత్తరంలో ప్రతి మాటా గట్టిగా చదువుతూ రాస్తున్నాను. గురక వినిపిస్తోంది, బయల్దేరాక ఇదే మొదలు. ఇందాక ఒక మాట తోచక కాసేపు ఆగాను, గురక కూడా ఆగిపోయింది. అందుకని చెప్పడానికి ఇంకేమీ లేకపోయినా మరో కాగితం తీస్తున్నాను.

మీ మరదలు