బంతికి డోలీ

విశాఖపట్నం

సోమన్న చిన్నాన్నకు హేమలత నమస్కారాలు.

మీ కొండ మీద సెల్ పలకదు కనుక జీపు సురేంద్రతో ఈ ఉత్తరాన్నీ మా బంతినీ పంపుతున్నాను. నా నర్సు ట్రైనింగ్ అయ్యేదాకా రెండు నెలలు మీ దగ్గరే ఉంటుంది. నాలుగు నెలల కుక్కపిల్లే గాని పెద్ద జాతి, ఇప్పటికే ఇరవై కిలోలు. దీని తల్లి కీళ్లు పాడై, రెండేళ్లు నిండకుండానే లేవలేకపోయింది. దీనికి ఆ గతి పట్టకూడదు. మెట్లు ఎక్కనివ్వకండి, గట్ల మీంచి దూకనివ్వకండి.

మీ హేమలత

తా.క. పిన్ని చెయ్యి పెద్దది. తిండి దగ్గర చూసుకోండి.

---

మా నర్సమ్మ హేమలతకు చిన్నాన్న దీవించి రాయునది.

మెట్లు వద్దన్నావు. మన ఊళ్లో గడప దాటితే దిగుడు, కాఫీ తోటకి ఎక్కుడు. అందుకని నేనూ పక్కింటి మంగ్లూ కర్రకి దుప్పటి కట్టి బంతికి డోలీ చేశాం. చెరో కొస పట్టి తిప్పుతున్నాం. దాని కాలు నేలకి తగిలితే ఒట్టు.

ఇట్లు, సోమన్న

తా.క. మూడు పూటలా చోడి అంబలి తాగుతోంది. నడుం ఎక్కడుందో వెతుక్కోవాలి. నువ్వు సంతోషిస్తావని రాశాను.

---

చిన్నాన్నా,

కొంప ముంచారు. దూకుళ్లు వద్దన్నాను గాని నడక వద్దనలేదు. కండ పట్టకపోతే కీళ్లకి ఆసరా ఏదీ? ఒళ్లు పెరిగితే ఆ బరువంతా కీళ్ల మీదే. మెత్తటి నేల మీద దాని ఇష్టానికి నడవనివ్వండి, కూర్చుంటే మీరూ ఆగండి. డోలీ వెంటనే విప్పేయండి.

హేమలత

తా.క. చెయ్యి వేస్తే పక్కటెముకలు తగలాలి. పిన్నికి చదివి వినిపించండి.

---

అమ్మీ హేమలతా,

బంతిని దింపేశాం. అది నాలుగడుగులు వేసి, మంగ్లు మొహం చూసి కూర్చుంటోంది. అంబలి గిన్నె ఖాళీ డోలీలో పెట్టి మేం ముందు నడిస్తే, ఆ వాసనకి వెనకాల వస్తోంది.

ఇంకోటి జరిగింది. దింపకముందు, సంత రోజున దుప్పటి కప్పి మోసుకెళ్తుంటే, కింద జీపులో వెళ్లే పెద్ద సారొకాయన ఫోటో తీసుకున్నాడు. రోగి అనుకున్నాడట. పదకొండేళ్లు అర్జీలు పెట్టినా రాని రోడ్డుకి, ఆ ఫోటో పుణ్యమా అని కొలతల వాళ్లొచ్చారు. నిరుడు మన గంగ పురిటి నొప్పులతో ఇలాంటి డోలీలోనే వెళ్తే ఎవరూ ఫోటో తీయలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

సోమన్న

తా.క. గురువారం సారు రోగిని చూడ్డానికి వస్తున్నాడు. ఏం చూపించాలో బేగి రాయి.

---

చిన్నాన్నా,

నిజం చెప్పండి. రోడ్డు పోతే పోనీ అనడానికి నాకూ మనసొప్పట్లేదు, అయినా నిజమే చెప్పండి.

హేమలత

---

అమ్మీ,

నిజమే చెప్పాం. అన్నాళ్లు బంతిని మోసిన మోతకి బుధవారానికి నా మోకాలు గుమ్మడికాయంత అయ్యింది. గురువారం నన్నే డోలీలో కిందికి దించారు. ముందు బంతి నడిచింది. ఏమైందని సారు అడిగితే మంగ్లు, "కుక్కపిల్లకి కీళ్లు పాడవకూడదని మోసాడు బాబూ, ఈడి కీళ్లు పాడైపోనాయి" అన్నాడు. ఫోటోలో డోలీలో ఉన్నది ఆ కుక్కేనని కూడా చెప్పాడు, నేనూ అవునన్నాను. సారు ఒక్క ముక్క నమ్మలేదు. రోగికి జ్వరం తలకెక్కింది, తోడొచ్చినవాడికి బెంగ పట్టుకుంది, రోడ్డు వెంటనే వెయ్యాలి అని రాసుకున్నాడు. సోమవారం పని మొదలు.

పాడేరులో పశువుల డాక్టరు బంతి కాళ్లు చూసి భేషుగ్గా ఉన్నాయన్నాడు.

సోమన్న

తా.క. నా డాక్టరు మెట్లెక్కొద్దు, దూకొద్దు, ఒళ్లు తగ్గించు, మెల్లిగా నడువు అన్నాడు. రోజూ బంతే నన్ను తిప్పుతోంది. నేను కూర్చుంటే అదీ ఆగుతోంది.