నలభై కిలోలు, ముప్ఫై అయిదు మార్కులు

మైలవరం,
12 జూలై 1998.

శౌరయ్య మాస్టారుగారికి, టైలర్ సుగ్రా సలాములు.

ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక మీకే తెలుస్తుంది.

పొద్దున ఆట నేర్పుతాం, సాయంత్రం చదువు చెప్పి పదో తరగతి గట్టెక్కిస్తాం అంటేనే కదండీ, మా అఫ్సాని మీ బెజవాడ హాస్టల్లో వదిలాను! ఆటంటే ఏ ఖోఖోనో అనుకున్నాను. నిన్న పిల్ల ఉత్తరం వచ్చింది: "అమ్మీ, ఇవాళ నలభై కిలోలు ఎత్తాను. రేపు నలభై అయిదు ఎత్తమన్నారు."

ఇంట్లో నేను దానిచేత మంచినీళ్ళ బిందె కూడా మోయించలేదు. మీది హాస్టలా, రైసు మిల్లా?

ఇట్లు,
సుగ్రా

తా.క. మూటలు మోసేవాళ్ళే కావాలంటే మా మరిది ఖాళీగా ఉన్నాడు. తిండి మాత్రం కాస్త ఎక్కువ.

* * *

విజయవాడ,
17 జూలై.

సుగ్రాగారికి శౌరయ్య నమస్కారాలు.

అవి మూటలు కాదండీ. ఆ ఆటని వెయిట్‌లిఫ్టింగ్ అంటారు. ఇనప కడ్డీకి రెండు పక్కలా బరువులు తగిలించి తలపైకి ఎత్తాలి. చదువుకీ లోటు లేదు. ఇక్కడ నేను పెట్టిన నియమం ఒకటుంది. అమలమ్మ టీచర్ వారం వారం పెట్టే పరీక్షలో ముప్ఫై అయిదు మార్కులు రాకపోతే, ఆ వారం కడ్డీ ముట్టుకోకూడదు.

మీ అఫ్సా స్నాచ్‌లో మొనగత్తె. ఇంత త్వరగా చెయ్యి తిరిగిన పిల్లని నేను చూడలేదు. క్లీన్‌లోనే కొంచెం వెనకబడింది.

విధేయుడు,
శౌరయ్య

తా.క. రోజుకి నాలుగు కోడిగుడ్లు తింటోంది. వంట మాణిక్యమ్మ మురిసిపోతోంది.

* * *

మైలవరం,
23 జూలై.

మాస్టారుగారికి, సలాములు తరవాత చెబుతాను.

స్నాచ్ అంటే ఏమిటని మా వీధి కాంపౌండరు రామకోటేశ్వరరావుగారిని అడిగాను. "లాక్కుపోవడం అమ్మా. బెంజ్ సర్కిల్ దగ్గర ఆడవాళ్ళ మెడలో గొలుసులు లాక్కుపోతారే, అదే" అన్నారు. అందులోనా నా కూతురు మొనగత్తె? చెయ్యి కూడా తిరిగిపోయిందా? మా ఇంటావంటా లేదండీ ఆ విద్య!

పైగా క్లీన్‌లో వెనకబడిందా? వారానికి మూడుసార్లు తలంటి పెంచిన పిల్లండీ అది!

కడుపు మండిన
సుగ్రా

తా.క. ఇక్కడ గుడ్డు కనబడితే ముక్కు మూసుకునేది. అందులో ఏం కలిపి పెడుతున్నారు?

* * *

విజయవాడ,
28 జూలై.

అయ్యో సుగ్రాగారూ, నమస్కారం.

కడ్డీని నేల మీంచి ఒక్క ఊపులో తలపైకి లేపితే స్నాచ్. ముందు భుజాల దాకా తెచ్చుకోవడం క్లీన్. ఇక్కడ ఎవరి గొలుసూ పోలేదు. పిల్ల శుభ్రంగానే ఉంది.

చేదు కబురు మాత్రం ఒకటుంది. లెక్కల్లో ఇరవై రెండే వచ్చాయి. నియమం ప్రకారం కడ్డీ ఆపేశాను. ఆగస్టు పదహారున జిల్లా సెలక్షన్లు. "నీ మంచికేనమ్మా" అంటే మొహం తిప్పేసుకుంది. వీలు చూసుకుని ఒకసారి రండి.

విధేయుడు,
శౌరయ్య

తా.క. గుడ్డులో ఉప్పూ మిరియాలూ. అంతేనండీ, ఒట్టు.

* * *

మైలవరం,
10 ఆగస్టు.

శౌరయ్యగారికి, తలెత్తుకోలేక సుగ్రా రాస్తున్నది.

శుక్రవారం వచ్చాను. గుమ్మంలోంచి చూద్దును కదా, మీరు పిల్లల బెంచీ మీద ఒదిగి కూర్చున్నారు. మా అఫ్సా సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడింది. "ఎన్నిసార్లు చెప్పాలి సార్ మీకు? మళ్ళీ చెయ్యండి!" అని గద్దించింది. మీరేమో "సరేనమ్మా" అన్నారు.

గురువునే గద్దించే పిల్లని కన్నానా అని సిగ్గేసి, పలకరించకుండానే బస్సెక్కేశాను. బరువులతో పాటు దానికి పొగరు కూడా నెత్తికెక్కింది. మన్నించండి. నెలాఖరుకి వచ్చి తీసుకుపోయి నా కుట్టుమిషను పక్కన కూర్చోబెడతాను.

సుగ్రా

తా.క. మీకని చేసిన కజ్జికాయలు బస్సులో నేనే తినేశాను. ఏడుపొస్తే నాకు ఆకలేస్తుంది.

* * *

విజయవాడ,
17 ఆగస్టు.

సుగ్రాగారికి నమస్కరించి రాయడమేమనగా,

అమ్మాయిని తీసుకుపోకండి. తప్పు తనది కాదు, నాది.

కడ్డీ ఆపిన రోజున అఫ్సా అడిగింది, "ఇదే పేపరు మీరు రాయగలరా సార్?" అని. పంతానికి పోయి రాశాను. పదకొండు వచ్చాయి.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణండీ. ఆ రోజుల్లో నేను కడ్డీ ఎత్తితే చప్పట్లు కొట్టినవాళ్ళే గానీ, పుస్తకం తెరవమన్నవాళ్ళు లేరు. భుజం ఎముక జారి ఆట ఆగిపోయాక నా చేతిలో ఏమీ మిగల్లేదు. ఈ పిల్లలకి అలా కాకూడదనే ఆ నియమం. ఇన్నాళ్ళూ దాచిన గుట్టు అందరి ముందూ బయటపడింది. ఎవరైనా నవ్వుతారేమోనని తల దించుకున్నాను. అఫ్సా వచ్చి పక్కన కూర్చుంది. "ఇద్దరం కలిసి నేర్చుకుందాం సార్" అంది.

అప్పటినుంచి అమలమ్మ టీచర్ తనకి చెప్పిన లెక్కలు తను నాకు చెబుతోంది. నా మట్టిబుర్రకి ఎక్కించాలంటే ముందు తనకి బాగా రావాలి కదండీ! మరుసటి వారమే పాసై కడ్డీ పట్టుకుంది. మొన్నటి పరీక్షలో అరవై ఒకటి. నిన్న సెలక్షన్లలో జిల్లాకే మొదటిది!

నాకు ముప్ఫై నాలుగు. పిల్లలు నియమం గుర్తుచేశారు. ఈ వారం కడ్డీ ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుని నోటితోనే నేర్పుతున్నాను. మార్చిలో పదో తరగతి పరీక్ష ఇద్దరం రాస్తాం.

ఇట్లు,
మీ అమ్మాయి శిష్యుడు,
శౌరయ్య

తా.క. ఇంటి పెద్దల సంతకం లేని పేపర్లు అమలమ్మ టీచర్ వెనక్కి తీసుకోరు. అఫ్సా పేపరుతో పాటు నాది కూడా జతచేశాను. నాకు సంతకం పెట్టేవాళ్ళు లేరండీ. దయచేసి రెండింటి మీదా మీరే పెట్టి పంపగలరు. కోప్పడితే ఒక్క మాటతో సరిపెట్టండి, వచ్చేసారి ముప్ఫై అయిదు తప్పకుండా తెచ్చుకుంటాను.