చక్రం తిరగని కిలోమీటర్లు

12 జూన్ 2006, సోమవారం
కొత్త ప్రాజెక్టులో పడ్డాను. విదేశంలో ఏదో నగరం. అక్కడ కారు ఎంత దూరం తిరిగితే రోడ్డుకి అంత రుసుము కట్టాలట. ఆ దూరం కొలిచే జీపీఎస్ డబ్బాకి ప్రోగ్రామ్ రాయడం నా పని. టెస్టింగ్‌కి కారు అడిగితే, మేనేజర్ చక్రపాణి గారు ఆటో మాట్లాడుకోమన్నారు. మా అమీర్‌పేట హాస్టల్ ముందు ఆటో పెట్టుకునే మొగిలయ్య ఒప్పుకున్నాడు. డబ్బాని అద్దం పక్కన కట్టి, పసుపు కుంకుమ పెట్టాడు. వద్దనలేకపోయాను.

13 జూన్
పంజాగుట్ట నుంచి లక్డీకాపూల్, మూడు ట్రిప్పులు. మూడు రకాల దూరాలు. ఏడుపొచ్చింది.

14 జూన్, సాయంత్రం 6
తప్పు దొరికింది! పట్టింది నేను కాదు, మొగిలయ్య. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పావుగంట జామ్. ఇంజన్ ఆపేసి డబ్బా మీది అంకెల వైపే చూస్తూ, "చక్రం తిరుగుతలేదు, కిలోమీటర్లెట్ల ఎక్కుతున్నయ్ మేడం?" అన్నాడు. నిజమే. ఎత్తైన బిల్డింగుల మధ్య జీపీఎస్ సిగ్నల్ తడబడుతోంది. ఆగిన బండి కూడా అటూ ఇటూ కదిలినట్టు లెక్క పడుతోంది. నాలుగు వందల మీటర్లు! జామ్‌లో ఇరుక్కున్నవాడికే ఎక్కువ బిల్లు.

15 జూన్
లంచ్ మానేసి కోడ్ సరిచేశాను. రేపే క్లయింట్ డెమో, ఇప్పుడు కొత్త కోడ్ పెడితే ఊరుకోనన్నారు చక్రపాణి గారు. ఖాళీ రోడ్డు మీద తిప్పితే ఎవరికీ తెలియదట. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదని కూడా గుర్తు చేశారు. సరే అన్నాను. అన్నం సయించలేదు.

16 జూన్
క్లయింటు ఆవిడ కారు వద్దంది, ఆటోనే కావాలంది. ఖాళీగా ఉంటుందనుకున్న రోడ్డు ఏదో ఊరేగింపు కోసం మూసేశారు. పంజాగుట్టలో ఇరుక్కుపోయాం. వెనక సీట్లో మేం ముగ్గురం. అంకెలు పెరుగుతున్నాయి. చక్రపాణి గారు హైదరాబాదు ఎండల గురించి చెబుతూనే ఉన్నారు. మొగిలయ్య ఉండబట్టలేక వెనక్కి తిరిగి, "మేడం, ఆటో స్టాండింగ్, మీటర్ రన్నింగ్. రాంగ్!" అనేశాడు.

ఆవిడ నావైపు చూసింది. ప్రోగ్రామ్‌లో బగ్ అని ఒప్పేసుకున్నాను. సరిచేసిన కోడ్ లాప్‌టాప్‌లో ఉందని కూడా చెప్పాను. అక్కడే లోడ్ చేయమంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు బండి కదల్లేదు. అంకె కూడా కదల్లేదు! ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆగిన బండికీ బిల్లు పడుతుందా అనే వాళ్ల ఊళ్లో జనం మొదట అడుగుతారట. చక్రపాణి గారు అందరికీ ఇరానీ చాయ్ తెప్పించి, ఇదంతా తన టీమ్ గొప్పే అన్నారు. చెప్పుకోనీ.

23 జూన్
ఉద్యోగం ఖాయమైందని కన్ఫర్మేషన్ లెటర్ వచ్చింది! పార్టీ ఏం కావాలని అడిగితే మొగిలయ్య, "మీరెందుకు, నేనే ఇస్త మేడం. ఆటో నడుపుడు నేర్పిస్త" అన్నాడు.

25 జూన్, ఆదివారం
సనత్‌నగర్‌లో ఖాళీ స్థలం. నేనే నడిపాను. ఇరవై మీటర్లు. వెనక సీట్లో మొగిలయ్య కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు.